వేడి తగ్గాక పది నిమిషాలు

జూన్ 6

బావకి,

నువ్వు చేరానని ఫోన్ చేసినప్పుడు రెండో నిమిషంలో గొడవ పడ్డాం. తర్వాత చేసినప్పుడు నిమిషంన్నరకే. ఈ లెక్కన ఈసారి నువ్వు ‘హలో’ అనకముందే నేను పెట్టేస్తాను. అందుకని ఉత్తరం మొదలుపెట్టాను. ఇందులో అయితే నువ్వు ‘అది కాదే’ అని అడ్డం రావు. నేను చెప్పడం అయ్యేదాకా నోరు మూసుకుని వినాల్సిందే.

ఇంటి విశేషాలు. బాత్రూమ్ కుళాయి కారుతూనే ఉంది. తొమ్మిది అంతస్తుల ఆసుపత్రికి లిఫ్టులు బిగించే మొనగాడివి, ఇంట్లో కుళాయికి వాషరు వేయడానికి నీకు ఆరు నెలలు తీరిక దొరకలేదు. అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. పరీక్షలు బాగా రాస్తోందట. ‘నాన్నకీ నీకూ ఏమైనా అయిందా’ అని అడిగింది. ఏం కాలేదన్నాను. ఇంకేమంటాను?

మా కుట్టుషాపులో ఊపిరి సలపడం లేదు. స్కూళ్లు తెరుస్తున్నారు కదా, యూనిఫారాలన్నీ ఒక్కసారే కావాలి అందరికీ. నా కటింగ్ టేబుల్ మీద రోజూ అరవై పొరల గుడ్డ పరుస్తున్నారు. సాయంత్రానికి భుజం పట్టేస్తోంది.

వెళ్లిన పొద్దున నన్ను లేపలేదేం? ముందు గదిలో పడుకున్నదాన్ని దాటుకునేగా తలుపు దగ్గరికి వెళ్లావు. ఇరవై ఆరేళ్ల కాపురంలో నాకు చెప్పకుండా గడప దాటడం ఇదే మొదటిసారి. పోనీలే, బస్సు అందుకోవాలనే తొందరేమో.

నీ నల్ల అట్ట నోట్‌బుక్ అల్మారాలో చొక్కాల కింద ఉండిపోయింది. పంపమంటే పంపుతాను. నేనేమీ తెరిచి చూడలేదు.

ఇక్కడ నా గురించి దిగులు పెట్టుకోకు. నువ్వు వెళ్లినప్పటి నుంచి నాకు కంటినిండా నిద్ర పడుతోంది.

వేళకి తిని అఘోరించు.

నీ గుండుసూది


జూన్ 13

గుండుసూదీ,

ఉత్తరం అందింది. కుళాయి వాషరు సైజు అర అంగుళం. కింద వీధిలో సామాన్ల షాపతన్ని అడుగు, ఇస్తాడు. బిగించడానికి మాత్రం నేను వచ్చేదాకా ఆగు. నువ్వు తిప్పితే గొట్టమే ఊడొస్తుంది, నీ చేతి బలం నాకు తెలుసు.

ఇక్కడ నాలుగు లిఫ్టులు. రెండు రోగుల మంచాలు పట్టేవి, ఒకటి డాక్టర్లకి, ఒకటి సామాన్లకి. మొదటిదానికి పట్టాలు బిగించడం అయిపోయింది. గోడ నిట్టనిలువుగా లేదు, రెండు వేళ్ల వార వచ్చింది. మేస్త్రీ నా తప్పు కాదంటాడు, ఇంజనీరు తన తప్పు కాదంటాడు. సరిచేసేది మాత్రం నేను.

నాతోపాటు గదిలో ఒక వెల్డరు పెద్దాయన ఉంటాడు. మనిషి బంగారం. గురక మాత్రం జనరేటరు. పెళ్లాం పోయి ఎనిమిదేళ్లయిందట. రోజూ పొద్దున టీ తాగుతూ ‘మీ ఆవిడ ఉత్తరం రాసిందా’ అని అడుగుతాడు. నీ ఉత్తరం వచ్చిన రోజు నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు.

నిన్ను లేపకపోవడం తొందర వల్ల కాదు. నిద్ర చెడగొట్టడం ఎందుకని. నిద్ర గురించి వివరంగా రాయి. రోజుకి ఎన్ని గంటలు? మధ్యలో లేస్తున్నావా? లేస్తే ఎన్నిసార్లు? కిటికీ తెరిచి పడుకుంటున్నావా, మూసి పడుకుంటున్నావా?

నోట్‌బుక్ పంపక్కర్లేదు. అందులో పనికొచ్చేదేం లేదు. పాత కాగితాల్లో వేసెయ్.

ఇంకొకటి. ఇక్కడ ఆసుపత్రి కట్టడం అయ్యాక లిఫ్టులన్నీ చూసుకోవడానికి ఒక ఇన్‌చార్జి కావాలట. మూడేళ్లు ఇక్కడే ఉండాలి. నా పేరు అనుకుంటున్నారు. జులై ఇరవయ్యో తారీఖున మేనేజరు వస్తాడు, ఆ రోజు సంతకం పెట్టాలి. నువ్వేమంటావు?

బావ


జూన్ 19

బావకి,

నువ్వు రాసింది ఉత్తరమా, ఆరా తీయడమా? ఎన్ని గంటలు, ఎన్నిసార్లు, కిటికీ తెరిచా మూసా. కిటికీ సంగతి నీకెందుకు, దొంగలొస్తారనా? ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఏముంది, కారే కుళాయి తప్ప.

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. మంచం నిండా చేతులు చాపుకుని పడుకుంటున్నాను. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు. పక్కన కదిలేవాళ్లు లేరు, దుప్పటి లాగేవాళ్లు లేరు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. తృప్తేనా?

నోట్‌బుక్‌లో పనికొచ్చేదేం లేదన్నావు. నీకు లేకపోవచ్చు.

మూడేళ్ల సంగతి నన్ను అడగడం దేనికి? నీ ఉద్యోగం, నీ ఇష్టం. ఎవరైనా కాళ్లకి అడ్డం పడ్డారా? ఈ ఊరి నుంచి పంపేటప్పుడు నన్ను అడిగారా మీ వాళ్లు? ఇప్పుడూ అంతే.

షాపులో ఒక పొరపాటు జరిగింది. చిన్నదేం కాదు. రాయడానికి మనసొప్పడం లేదు. ఆ మర్నాడు కాజాల అక్క నన్ను ఒక చోటికి తీసుకెళ్లింది. అదే, కాజాల మిషన్ మీద కూర్చుంటుంది, పొడుగ్గా, గట్టిగా నవ్వుతుంది, మన అమ్మాయి పుట్టినరోజుకి వచ్చింది చూడు, ఆవిడ. ఎక్కడికి, ఎందుకు అన్నది నువ్వు అడిగితే చెబుదును. నువ్వు కిటికీలు లెక్కపెడుతున్నావు.

గుండుసూది


జూన్ 26

గుండుసూదీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇల్లు ప్రశాంతంగా ఉందన్నావు. తెల్లారేదాకా మెలకువ రావడం లేదన్నావు. రెండు ఉత్తరాల్లోనూ అదే మాట రాశావు కాబట్టి నిజమే అయి ఉంటుంది. నాకు కావలసింది అదే. నువ్వు నిద్రపోతున్నావు, చాలు.

సంతకం పెట్టేద్దామని నిశ్చయించుకున్నాను. ఇరవయ్యో తారీఖున పెడతాను. ఇక్కడ కుటుంబంతో ఉండడానికి రెండు గదుల ఇల్లు కూడా ఇస్తారట. కానీ నువ్వు పని మానుకుని రానక్కర్లేదు. నీ టేబుల్ నీకు ఇరవై రెండేళ్ల నుంచి అలవాటు. నేనే ఆరు నెలలకోసారి వచ్చి చూసి వెళతాను.

ఇది కొండ మీది ఊరు కదా, వానలు పడగానే చలి మొదలైంది. నా ఉన్ని స్వెట్టరు పంపు. పెద్ద సూట్‌కేసు కూడా, వీలైతే.

షాపులో ఏం పొరపాటు జరిగింది? పెద్దది కాదనుకుంటాను. నీ చేతిలో గుడ్డ ఎప్పుడూ తప్పలేదు.

రెండో లిఫ్టు ఇవాళ మొదటిసారి తొమ్మిదో అంతస్తు దాకా వెళ్లింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెల్డరు పెద్దాయన ‘మీ ఆవిడకి రాయండి’ అన్నాడు, అందుకని రాస్తున్నాను.

బావ


జులై 2

శ్రీవారికి,

స్వెట్టరు పార్సిల్ చేశాను. సూట్‌కేసు చక్రం ఊడిపోయింది, కాబట్టి పంపలేదు. కొత్తది కొనుక్కోండి. మూడేళ్లకి సరిపడా గట్టిది చూసి కొనుక్కోండి.

‘నువ్వు రానక్కర్లేదు’ అన్నారు. వస్తానని నేను అడిగానా? ముందే తలుపేసేశారు, పైగా నా ఉద్యోగం మీద ప్రేమ ఒలకబోస్తున్నారు! చాల్లే సంబడం.

ఇక దాచి ఏం లాభం. మీ నోట్‌బుక్ నేను చదివాను. మీరు వెళ్లే ముందు రోజు, మీ చొక్కాలు మడతపెడుతూ చదివాను. తెరవలేదన్నది అబద్ధం. ఏప్రిల్ నెల పేజీ వచ్చింది చేతికి. స్కేలు పెట్టి గీతలు గీశారు. ముప్పై తేదీలు, ఒకదాని కింద ఒకటి. పదకొండు టిక్కులు, పందొమ్మిది ఇంటూలు. ‘చెయ్యి వేశాను, తోసేసింది.’ ‘పక్కకి జరిగింది.’ ‘లేచి ముందు గదికి వెళ్లిపోయింది.’ నాకు తల కొట్టేసినంత పనైంది. నేను మీకు పెళ్లాన్నా, రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టునా? ఎన్నిసార్లు కాదన్నానో లెక్క రాసుకుని ఎవరికి చూపిద్దామని? మా అమ్మకా, మీ అమ్మకా? ఇద్దరూ పోయారు, బతికిపోయాను.

మీరు వెళ్లిన పొద్దున నేను మేలుకునే ఉన్నాను. గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాను. మీరు తలుపు దగ్గర కాసేపు నిలబడ్డారు, బూట్ల చప్పుడు ఆగింది కాబట్టి తెలిసింది. లేపితే ఒక్క మాట అడుగుదామనుకున్నాను. మీరు లేపలేదు.

అంత వివరంగా రాశారే, ఒక్కనాడైనా ‘ఎందుకే’ అని నన్ను అడిగారా? నలభై తొమ్మిదేళ్లొచ్చాయి నాకు. నెలసరి ఒక నెల వస్తే మూడు నెలలు పత్తా ఉండదు. ఉన్నట్టుండి మెడ దగ్గర మొదలై మొహం దాకా నిప్పు పెట్టినట్టు వేడి. జాకెట్టు తడిసిపోతుంది. షాపులో జరిగిన పొరపాటు అదే. కటింగ్ మిషన్ చేతిలో ఉండగా ఆ వేడి వచ్చింది, కళ్లు బైర్లు కమ్మాయి, చెరిపేసిన పాత గీత మీద నడిపేశాను. అరవై చొక్కాల చేతులు రెండు వేళ్లు పొట్టి. ఇరవై రెండేళ్లలో లేనిది. షాపు ఓనరు మేడమ్ ‘ఇంటికెళ్లి పడుకో’ అంది. తిట్టినా బాగుండేది.

ఇంకోటి కూడా చెబుతాను, ఇంత దూరంలో ఉన్నారు కాబట్టి సిగ్గు లేదు. మీరు దగ్గరికొస్తే నాకు నొప్పి. బ్లేడుతో గీసినట్టు ఉండేది. పళ్లబిగువున భరించాను కొన్నాళ్లు. చెబితే ముసల్దాన్నయిపోయానని అనుకుంటారని భయం వేసింది. ఇక భరించలేక తోసేశాను. మీరు ఇంటూ పెట్టుకున్నారు.

పెట్టుకోండి. సంతకం కూడా పెట్టుకోండి. నిద్ర మాత్రం నాకు దివ్యంగా పడుతోంది.

మీ భార్య


జులై 8

గుండుసూదీ,

నన్ను ‘మీరు’ అన్నావు. ఏడేళ్ల పిల్లప్పటి నుంచి ‘ఒరే బావా’ అని పిలిచినదానివి.

నీకు అబద్ధం చెప్పను. జనవరిలో, ఫిబ్రవరిలో పెట్టిన ఇంటూలు నువ్వనుకున్నవే. కోపంతో పెట్టాను. చెయ్యి వేసి వెనక్కి తీసుకోవాల్సొచ్చినప్పుడు నాకు చచ్చేంత అవమానంగా ఉండేది. ఎవరితో చెప్పుకోను? రాసుకున్నాను. అది తప్పే. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు.

మార్చి నుంచి పెట్టినవి వేరు. ఒకరోజు చూస్తే నువ్వు మంచం మీద కూర్చుని కొంగుతో విసురుకుంటూ ఏడుస్తున్నావు. ఆ రోజు నుంచి ఇంటూ అంటే ఆ రాత్రి నువ్వు నిద్రపోలేదని. టిక్కు అంటే కాసేపైనా పడుకున్నావని. దాని ముందు ఏం జరిగిందో కూడా రాశాను, ఏదైనా జాడ తెలుస్తుందని. తెలిసింది. నేను పక్కనుంటే అన్నీ ఇంటూలే. నాకు రాత్రి డ్యూటీ పడిన రోజూ, నువ్వు లేచి ముందు గదికి వెళ్లిపోయిన రోజూ టిక్కులు.

మా పనిలో లోపం ఎక్కడుందో అంతు చిక్కకపోతే ఒక్కో భాగాన్నీ తప్పించి చూస్తాం. ఏది తప్పిస్తే లిఫ్టు సాఫీగా నడుస్తుందో, పాడైంది అదే. నేను నన్నే తప్పించి చూశాను. కంపెనీ వాళ్లు నన్ను ఇక్కడికి పంపలేదు. నేనే వెళ్లి అడిగాను. నీకు ఆ మాట చెప్పలేదు.

ఇక్కడికొచ్చాక నువ్వు ‘కంటినిండా నిద్ర’ అని రాశావు. మళ్లీ రాశావు. ఇంకేముంది, తేలిపోయింది అనుకున్నాను. రానక్కర్లేదని రాసినప్పుడు నీ ఉద్యోగం మీద ప్రేమతో కాదు. నువ్వొస్తే మళ్లీ నీ నిద్ర పోతుందని.

నమ్మకపోతే నోట్‌బుక్ తిరగేసి వెనక అట్ట నుంచి తెరిచి చూడు. మేం ముందువైపు ఫిర్యాదులు రాస్తాం, వెనకవైపు కారణాలు రాస్తాం. నువ్వు ముందువైపే చూశావు.

నొప్పి అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను, ఆ పూట పనికి వెళ్లలేదు. నెలల తరబడి నీకు నొప్పి పెడుతున్నది నేనేనా? నా నోట్‌బుక్‌లో ఎక్కడా ఆ మాట లేదు. నాకు తట్టనే లేదు. ఇరవై ఆరేళ్లు పక్కన పడుకున్నవాణ్ణి!

ఇప్పుడు అడుగుతున్నాను. ఆలస్యంగానే అయినా అడుగుతున్నాను. ఎందుకే? ఏమవుతోంది నీకు? కాజాల అక్క ఎక్కడికి తీసుకెళ్లింది? నేను లేకపోతేనే నీకు బాగుంటే సూటిగా రాయి. సంతకం పెడతాను, కోపంతో కాదు. లేదంటే అదీ సూటిగా రాయి. ఉత్తరం చేరడానికి అయిదు రోజులు పడుతోంది. ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం మేనేజరు ఇక్కడుంటాడు. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. నీ గొంతు వింటే మళ్లీ ‘అది కాదే’ అనేస్తానని.

బావ


జులై 14

బావా,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం షాపుకే తెచ్చిచ్చాడు పోస్టుమాన్. నిలబడే చదివాను. ఇంటికొచ్చి నోట్‌బుక్ తిరగేశాను. ‘కారణం: నేను. మార్గం: మూడు నెలలు దూరంగా ఉండి చూడటం. ఆమె నిద్రపోతే అక్కడే ఉండిపోవడం.’ కింద తేదీ, సంతకం కూడానా! ఎవరికిచ్చే రిపోర్టు ఇది? నీ తెలివి తెల్లారినట్టే ఉంది బావా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

ముందు ఇది చెప్పాలి. నిద్ర పడుతోందని రాసినవన్నీ పచ్చి అబద్ధాలు. నోట్‌బుక్ చదివిన మంటలో, నువ్వు లేకపోతే నాకేం కొరత లేదని చూపించడానికి రాశాను. నువ్వు వెళ్లాక ఒక్కరోజు కూడా మూడు గంటలు మించి పడుకోలేదు.

మరి టిక్కులేమిటంటావా? ఒరే మొద్దూ, నేను ముందు గదిలో ఉన్నప్పుడు మేలుకుని పచార్లు చేస్తుంటే లోపలి గదిలో ఉన్న నీకెలా కనిపిస్తుంది? నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు నేను పడుకున్నానని నీకు ఎవరు చెప్పారు, గోడలా? నువ్వు చూసిన రోజు ఇంటూ, చూడని రోజు టిక్కు. ఇంత పనిమంతుడివి, ఇది తట్టలేదా! నువ్వున్నా లేకపోయినా నాకు నిద్ర లేదు. తేడా ఏమిటంటే ఇప్పుడు పక్కన మనిషి కూడా లేడు.

కాజాల అక్క నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. నెలసరి ఆగిపోయే వయసు, అంతా దానివల్లేనట. వేడి, నిద్ర లేకపోవడం, ఊరికే కోపం, లోపల పొడిబారిపోయి నొప్పి, అన్నీ. రోగం కాదంది. నొప్పికి రాసుకునే మందిచ్చింది. కొన్ని వారాలు పడుతుందట గుణం కనిపించడానికి. తర్వాత కూడా తొందరపడొద్దంది. ‘మీ ఆయనకి చెప్పావా’ అని అడిగింది. ఊళ్లో లేరన్నాను. ‘ఉన్నప్పుడు చెప్పావా’ అంది. నీ మీద విరుచుకుపడ్డాను గానీ నేనూ నోరు మెదపలేదు కదా. మాటలు నాకేమైనా కరువా? నీకు మాత్రం ఈ ఒక్క మాట చెప్పలేకపోయాను.

చెయ్యి తోసేయడం గురించి రాస్తాను, జాగ్రత్తగా చదువు. వేడి వచ్చినప్పుడు చీర కూడా బరువే. అప్పుడు నువ్వు చెయ్యి వేస్తే తోసేస్తాను, ఎవరు వేసినా తోసేస్తాను. కానీ వేడి తగ్గాక, పది నిమిషాలకి, చలి పడుతుంది. తడిసిన జాకెట్టు చల్లబడి వణుకొస్తుంది. అప్పుడు నాకు నీ చెయ్యి కావాలి. అప్పటికి నువ్వు గోడవైపు తిరిగిపోయి ఉండేవాడివి. నీ వీపు చూస్తూ పడుకునేదాన్ని. పిలవడానికి పౌరుషం అడ్డొచ్చేది.

ఇంకో సంగతి. మామూలుగా నీ చెయ్యి పట్టుకోవడం కూడా మానేశాను. పట్టుకుంటే నువ్వు ఇంకేదో అనుకుంటావని, మొదలయ్యాక కాదనలేనని. చెయ్యి పట్టుకుని అక్కడితో ఆగిపోవచ్చని మనకి ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పింది. ఆ గదిలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

వచ్చినా అన్నీ వెంటనే బాగుపడిపోతాయని నీకు మాటివ్వలేను. మునుపటిలా అవుతానో లేదో నాకే తెలియదు. ఆ సంగతి తెలిసే రా. సంతకం పెట్టకు. సూటిగా రాయమన్నావు, రాశాను.

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. అందకపోతే నా ఖర్మ.

గుండుసూది


జులై 21

గుండుసూదీ,

అందింది. నిన్న పదకొండు గంటలకి. మేనేజరు పన్నెండింటికి వచ్చాడు.

నీకు నిజం చెప్పాలి. ఉత్తరం రాదనుకుని పొద్దున్నే పెన్ను జేబులో పెట్టుకున్నాను. వెల్డరు పెద్దాయన గేటు దగ్గర నిలబడి పోస్టు సంచి కోసం కాపలా కాశాడు, పరిగెత్తుకుంటూ తెచ్చాడు. ఆ వయసులో పరిగెత్తాడు, మోకాళ్లు పట్టేసి ఇవాళ మంచం మీదే ఉన్నాడు. నేను చదువుతుంటే బయటికెళ్లి నిలబడ్డాడు. తర్వాత ‘ఏమంది’ అని అడిగాడు. రమ్మందని చెప్పాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

సంతకం పెట్టనన్నాను. మేనేజరు మండిపడ్డాడు. ముందు ఒప్పుకుని ఇప్పుడు కాదంటే ఎలా అన్నాడు. మన ఊళ్లో నా చోట్లో అప్పుడే వేరేవాణ్ణి వేసేశారట. నేను పని నేర్పినవాడే. తిరిగి వస్తే వాడి కింద చేయాలి. అయినా సరే అన్నాను. నీకు ఇది చెప్పకుండా ఉంటే బాగుండునని అనిపించింది, కానీ చెప్పకుండా ఉండడం ఇక చాలు.

లిఫ్టులు అప్పగించేదాకా ఉండాలి. ఆగస్టు పదమూడున వస్తాను.

చూడకుండానే టిక్కులు పెట్టానన్నావు. నిజమే. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వచ్చాక ఎలా ఉండాలో, ఏం చేయాలో నాకు తెలియడం లేదు. భయంగా ఉంది.

బావ


ఆగస్టు 16, ఇంట్లోనే

బావా,

నీ భోజనం డబ్బా మూత కింద పెడుతున్నాను ఈ కాగితం. షాపులో రాశాననుకోకు, పొయ్యి గట్టు దగ్గర నిలబడే రాస్తున్నాను. నువ్వు పక్క గదిలో బూట్లు తుడుచుకుంటున్నావు.

నువ్వొచ్చి మూడు రోజులైంది. అంత దూరం నుంచి అన్నేసి మాటలు రాసుకున్నాం. ఎదురెదురుగా కూర్చుంటే ‘టీ తాగుతావా’ తప్ప మాట పెగలడం లేదు ఇద్దరికీ. పడుకునేటప్పుడు మంచం అంచుకి వెళ్లి బిగుసుకుపోతున్నావు. కదిలితే నేను విరిగిపోతాననా? నిన్న వేడి వచ్చింది, తగ్గింది, చలి వేసింది. పది నిమిషాలు కాదు, అరగంట చూశాను. నువ్వు మేలుకునే ఉన్నావు, ఊపిరి బట్టి నాకు తెలుస్తుంది. చెయ్యి రాలేదు.

నేనే వేయొచ్చు కదా అంటావు. నాకూ ధైర్యం చాలలేదు. నువ్వు పని నేర్పినవాడి కింద పని చేయడానికి వచ్చావు నాకోసం. దీనికోసమేనా వచ్చాడు అని ఏడుపొచ్చింది. నువ్వు చింతిస్తున్నావేమో, మళ్లీ వెళ్లిపోదామనుకుంటున్నావేమో. అలాంటిదేమైనా ఉంటే చెప్పు.

గుండుసూది


ఆగస్టు 16, సాయంత్రం

గుండుసూదీ,

వెళ్లిపోవాలని లేదు. ఆ మాట ఇంకెప్పుడూ అనుకోకు.

నిన్న నేనూ నిమిషాలు లెక్కపెట్టాను. పది అయ్యాయి, పన్నెండూ అయ్యాయి. వేస్తే నీకు నొప్పి అవుతుందేమో, ఇంకేదో అనుకుంటావేమో అని. అదొక్కటే కాదు. మళ్లీ తోసేస్తే ఈసారి తట్టుకోలేనని భయం. నేను పని నేర్పిన ఆ కొత్త ఇన్‌చార్జి ఇవాళ నలుగురిలో నన్ను పేరు పెట్టి పిలిచాడు. అది దిగమింగాను. నువ్వు తోసేస్తే మింగలేను.

నోటితో అడగలేకపోతున్నాను కాబట్టి రాస్తున్నాను. ఇవాళ నీ మీద చెయ్యి వేసి పడుకోనా? చెయ్యి మాత్రమే. వద్దంటే వద్దని రాయి.

బావ


ఆగస్టు 16, దీని వెనకే రాస్తున్నాను

బావా,

వద్దు. ఇవాళ వద్దు. పొద్దుటి నుంచి నాలుగుసార్లు వేడి వచ్చింది, ఒళ్లంతా చిరాకుగా ఉంది, ఎవరూ ముట్టుకోకుండా ఉంటే బాగుండుననిపిస్తోంది. నీ మీద కోపం ఇసుమంతైనా లేదు.

ఈ ‘వద్దు’ రాయడానికి మూడుసార్లు పెన్ను మూత తీసి పెట్టాను. ఏడాదిగా నోటితో అనలేక చేత్తో తోస్తున్నది ఈ మాటే. రాశాక మాత్రం గుండెలో బరువు దిగినట్టుంది. నువ్వు చదివి మొహం ముడుచుకుంటావని ఇంకా కొంచెం భయం ఉంది.

ముందు గదికి పోకు. పక్కనే పడుకో, అంచున కాదు, మామూలుగా. రేపు మళ్లీ అడుగు.

గుండుసూది


ఆగస్టు 17

గుండుసూదీ,

నువ్వు వద్దన్నావు, నాకేమీ కాలేదు. నాకే ఆశ్చర్యంగా ఉంది. వద్దన్న కాగితం దిండు కింద పెట్టుకుని తెల్లారేదాకా పడుకున్నాను. నీకు నిద్ర పట్టలేదని తెలుసు, మూడుసార్లు లేచావు. మూడోసారి లేచినప్పుడు నువ్వు నా దుప్పటి సర్దావు. నిద్రపోతున్నట్టు నటించాను, అది కూడా చెప్పేస్తున్నాను.

రేపు అడగమన్నావు. రేపు వచ్చింది. ఈసారి రాయను, నోటితోనే అడుగుతాను. మాట తడబడినా నవ్వకు.

చదవడం అయ్యాక తల పైకెత్తు. ఎదురుగానే నిలబడి ఉన్నాను.

బావ